వైరంటే పడని లైన్‌మన్

మా చినమావయ్యగారు ముప్పై ఒక్క సంవత్సరాలు టెలిఫోన్ లైన్‌మన్‌గా పనిచేశారు. స్తంభాలెక్కారు. వానకి నిండిన గోతుల్లో మోకాటి లోతు నీళ్ళలో నిలబడి, వందల రాగి తీగల్లో ఏది ఎవరింటిదో పట్టుకుని అతికారు. అలాంటి మనిషి ఇంట్లో వైర్లన్నీ ముచ్చటగా సర్ది ఉంటాయని ఎవరైనా అనుకుంటారు. ఆయన ఇంట్లో అసలు వైరే కనపడదు. రిటైరైన రోజున పనిముట్ల సంచీ అటక మీదికి విసిరి, "ఇక జన్మలో తీగ ముట్టను" అన్నారట. కాలింగ్ బెల్లుకి వైరు లేదు. ఇస్త్రీపెట్టె కూడా వైరు లేనిదే తెచ్చారు. అది ఒక చొక్కా పూర్తయ్యేలోపే చల్లారిపోతుంది. అయినా మెచ్చుకుంటూనే దాన్ని మళ్ళీ స్టాండు మీద పెడతారు. మా ఆయనా, ఆయన అన్నదమ్ములూ ఆయన్ని వైర్‌లెస్ బాబాయ్ అంటారు. చాటుగా కాదు, ఎదుటే. ఆయనకది బిరుదు.

ఆయన మా పాప కోసమని సౌండ్‌బార్ అని ఒక పొడుగాటి స్పీకరు కొని తెచ్చారు. నా తిప్పలు అక్కణ్ణుంచే మొదలయ్యాయి.

పాపకి నాలుగేళ్ళు. రెండు చెవులకీ వినికిడి మిషన్లు పెట్టి ఏడు నెలలైంది. మాటలు నేర్పే టీచరు కొన్ని వీడియో పాఠాలు ఇచ్చింది. తెర నిండా ఆవిడ ముఖం, ఒక్కో మాటా నెమ్మదిగా పలుకుతుంది. పాప రోజూ ఇరవై నిమిషాలు ఆ పెదాలు చూస్తూ వినాలి. "కన్ను సగం చెప్తుంది, చెవి సగం చెప్తుంది. రెండూ ఒకేసారి అందితేనే మాట అవుతుంది," అని ఆవిడ అన్నప్పుడు నోట్సు రాసుకున్నాను. రెండు నెలల తర్వాత ఒక పరీక్ష ఉంది. పాప తన ఈడు పిల్లలతో బడిలో కూర్చోవచ్చా, ఇంకో ఏడాది ఆగాలా అన్నది ఆ రోజు తేలుతుంది. ముఖం గోడంత కనపడాలని ప్రొజెక్టర్ కొన్నాం. దాని సొంత స్పీకరు, లోపలి ఫ్యాను మోతతో కలిసి, పాప మిషన్లలో గరగరలాడింది. సౌండ్‌బార్ అవసరం అలా వచ్చింది.

ఒక ఆదివారం పొద్దున్నే చినమావయ్యగారు వచ్చి, సీలింగుకి బిగించి ఉన్న ప్రొజెక్టర్నీ, ఎదుటి గోడ కింద పెట్టిన సౌండ్‌బార్‌నీ బ్లూటూత్‌తో కలిపారు. పది నిమిషాల పని.

"చూశావా అమ్మాయ్. ఒక్క తీగ లేదు."

గొంతు ఖంగుమంటోంది. కానీ పెదాలు మూసుకున్నాక మాట వస్తోంది.

"మావయ్యగారూ, మాట వెనకబడుతోందండీ."

"ఎంత?"

"కొంచెం."

"కొంచెమే కదా."

నేను ఫిజిక్స్ చదువుకున్నాను. కొంచెం అంటే ఎంతో తెలియకపోతే నాకు అన్నం సహించదు. పాఠం మొదట్లో టీచరు చప్పట్లు కొడుతుంది. దాన్ని ఫోన్లో వీడియో తీసి ఫ్రేములు లెక్కపెట్టాను. చేతులు కలిసిన ఏడు ఫ్రేములకి చప్పుడు. ఐదుసార్లు కొలిచి సగటు తీసి, మరుసటి ఆదివారం ఆ కాగితం ఆయన చేతికిచ్చాను.

ఆయన దాన్ని దూరంగా పట్టుకుని చదివారు. "పావు సెకను. మా రోజుల్లో ట్రంక్ కాల్ కోసం జనం మూడు గంటలు కూర్చునేవాళ్ళు. మీకు పావు సెకను ఓపిక లేదు."

సౌండ్‌బార్‌లో శబ్దాన్ని సరిచేసే మీట ఒకటి ఉంది. రెండు గంటలు దానితో కుస్తీ పట్టాక తెలిసిందేమిటంటే, అది శబ్దాన్ని ఇంకా ఆలస్యం చేయగలదు, ముందుకి మాత్రం తేలేదు. అలాంటి మీట ఎవరికి కావాలో నాకు అర్థం కాలేదు. ప్రొజెక్టర్‌కున్న పెద్ద సాకెట్టు బొమ్మని లోపలికి తీసుకోవడానికేనట, శబ్దాన్ని బయటికి పంపదట. మిగిలింది దాని వెనక ఉన్న చిన్న గుండ్రటి రంధ్రం ఒక్కటే. అందులోంచి ఒక వైరు లాగి సౌండ్‌బార్‌కి గుచ్చితే ఆలస్యం ఉండదు. ప్రొజెక్టర్‌తో వచ్చిన పుస్తకం పద్నాలుగో పేజీలో బొమ్మతో సహా ఉంది.

"వైరా?" అన్నారు చినమావయ్యగారు. నేనేదో అనకూడని మాట అన్నట్టు చూసి, "గది మధ్యలోంచి? మనింట్లోనా?" అన్నారు.

ఆయన వెళ్ళాక మా ఆయన మెల్లగా అన్నాడు. "బాబాయ్ నొచ్చుకుంటాడు. నాలుగు రోజులు చూద్దాం."

"నువ్వు చూడు. పాప ఏం చూడాలి?"

మా ఆయన చదవని పేపరు తెరిచి పట్టుకున్నాడు.

మూడో ఆదివారం ఆయన గుమ్మంలో అడుగుపెట్టగానే సౌండ్‌బార్ ఆయన ఫోన్‌ని పట్టుకుంది. మొదటి రోజు ప్రొజెక్టర్ కంటే ముందు పరీక్షగా తన ఫోన్ కలిపి చూశారు, దానికి ఆ స్నేహం గుర్తుంది. ప్రొజెక్టర్ శబ్దం బయటికి రాదు. గోడ మీద టీచరు నోరు మాత్రం కదులుతోంది. నేను రిమోట్‌తో కొట్టుకుంటుంటే, ఆయన తీరిగ్గా ఒక వాయిస్ మెసేజ్ నొక్కారు. టీచరు చక్కగా నోరు తెరిచింది. చిన్నత్తగారి గొంతు గదంతా మోగింది. "బీపీ మాత్ర మింగకుండానే పరిగెత్తారు. అక్కడే ఉండిపోండి ఇక."

మా ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. పరీక్షకి ఐదు వారాలే ఉంది.

ఎలాగో కలిపి పాఠం పెట్టాను. పాప చాప మీద కూర్చుంది, నిమిషం చూసింది, కళ్ళు గట్టిగా మూసుకుంది.

"చిట్టీ, కళ్ళు తెరువు. అటు చూడు."

తెరిచింది, మళ్ళీ మూసింది. నేను గడ్డం పట్టుకుని ముఖం గోడవైపు తిప్పాను. ఏడవలేదు గానీ కళ్ళు మాత్రం తెరవలేదు.

"వదులు దాన్ని," అన్నారు చినమావయ్యగారు. మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చి పాప పక్కన చతికిలబడ్డారు. చాలాసేపు పాపనే చూశారు, గోడ వైపు చూడలేదు.

"ఎన్నాళ్ళుగా ఇలా?"

"పది రోజులైందండీ. మొండికేస్తోంది."

"మొండీ లేదు, పాడూ లేదు. లైన్లో రెండు గొంతులు కలిసిపోతే నేనూ ఇలాగే కళ్ళు మూసుకునేవాణ్ణి. ఒకదాన్ని వదిలేస్తే గానీ రెండోది చిక్కదు. దీనికి ఆ ముఖం ఒకళ్ళది, ఈ మాట ఇంకొకళ్ళది."

"నేను మొదట్నించీ చెప్తున్నది అదేగా మావయ్యగారూ."

"నువ్వు సెకన్లు చెప్పావమ్మా. పిల్ల కళ్ళు మూసుకుంటోందని చెప్పావా?"

చెప్పలేదు. టీచరుకి పంపే నోట్సులో పది రోజులుగా 'సహకరించడం లేదు' అని రాస్తున్నాను. ఐదుసార్లు కొలిచి సగటు తీసినదాన్ని, పాప ముఖం ఒక్కసారి సరిగ్గా చూడలేదు. ఆయన మీద రావలసిన కోపం ఎటు పోవాలో తెలియక వంటింట్లోకి వెళ్ళి రెండు గ్లాసులు కడిగొచ్చాను.

వచ్చేసరికి ఆయన లేరు. గంట తర్వాత అటక మీది పనిముట్ల సంచీతో వచ్చారు. తోలు గట్టిపడిపోయి, మూత తెరుస్తుంటే కిర్రుమంది. తెచ్చిన వైరు గోడ దాకా చాలలేదు. ఇంకో ముక్క కలిపి అతికారు. పిన్ను రంధ్రంలోకి వెళ్ళకుండా సీలింగు బిగింపు అడ్డొచ్చింది. నిచ్చెన మీద నిలబడి నాలుగు మరలూ విప్పారు. ఒకటి జారి సోఫా కిందికి పోయింది. "టార్చి ఇటు. ఇటమ్మా, నా కంట్లోకి కాదు." తీరా చూస్తే శబ్దం ఒక పక్కనించే వచ్చింది. అతుకు విప్పి, నాలిక కొసన ఏదో గొణుక్కుంటూ మళ్ళీ చేశారు. ఈలోగా ప్రొజెక్టర్ సెట్టింగుల్లో బ్లూటూత్ తీసెయ్యడం నేను మర్చిపోయాను. దానికి ఆయన చేత తిట్టించుకున్నాను.

అంతా అయ్యేసరికి మధ్యాహ్నం రెండైంది. వైరు సీలింగు నించి గోడ మీదుగా దిగి, తలుపు ముందునించి, చాప పక్కగా వెళ్తోంది. మేకులు కొట్టినా వంకరగానే ఉంది. తన చేతిలోంచి ఏదో ఒలికిపోయినట్టు ఆయన దాన్నే చూస్తూ నిలబడ్డారు.

కర్టెన్లు వేసి పాఠం పెట్టాను. చప్పట్లు. చేతులు కలిశాయి, చప్పుడూ అప్పుడే వచ్చింది. ఈసారి కొలవలేదు. పాపనే చూశాను. కళ్ళు మూసుకుంది. ఒకటి తెరిచింది. రెండోదీ తెరిచింది. టీచరు పెదాలు ఎటు కదిలితే పాప పెదాలు అటు కదలడం మొదలైంది, గొంతు లేకుండా. పదకొండు నిమిషాలు అలాగే. ఆ తర్వాత లేచి నీళ్ళు కావాలని సైగ చేసింది. గొంతు రావడానికి ఇంకో తొమ్మిది రోజులు పట్టింది.

పరీక్ష రోజున టీచరు రెండు గంటలు కూర్చోబెట్టి, "బడికి పంపండి, ముందు వరసలో కూర్చోబెట్టమనండి," అంది. మెట్ల మీదే ఆగి చినమావయ్యగారికి ఫోన్ చేశాను. టీచరు అన్నది చెప్పాను.

"వైరు ఎవరూ తొక్కట్లేదు కదా?" అన్నారు.

"లేదండీ."

అబద్ధం. మా ఆయన రోజుకి రెండుసార్లు దానికి కాలు తగిలి తూలిపడబోతాడు. చెప్తే సంచీ పట్టుకుని మళ్ళీ వస్తారు.