శాలువా కోసం ఆపేసిన పద్యం

ఈ సంగతి ఎప్పుడో రాయాల్సింది. రాయలేదు, ఎందుకంటే అప్పటికి నాకు రాయడం రాదు. బడికి పంపాల్సిన వయసులో మా ఊళ్లో నన్ను గేదెల వెనక పంపారు. పెళ్లయి విశాఖపట్నం వచ్చాక, కంచరపాలెంలో మా ఆయన ఫొటో స్టూడియోలో నీళ్ల తొట్టిలో ఫొటోలు కడగడం నేర్చుకున్నాను, క్లిప్పులు పెట్టి ఆరబెట్టడం నేర్చుకున్నాను. ఆయనకి చూపు మందగించాక కెమెరా పట్టడమూ నేర్చుకున్నాను. అక్షరాలు మాత్రం యాభై దాటాకే వచ్చాయి, మా వీధి చివర రిటైరైన టీచరమ్మగారి అరుగు మీద. అంతవరకూ ఈ సంగతి నోటితోనే చెప్పేదాన్ని. విన్నవాళ్లు నవ్వేసి, "పోనీలే అమ్మా, పెద్దోల్లు గదా" అని టీ తాగి లేచిపోయేవారు. రాసినదాని ముందు నుంచి అలా లేచిపోతారో లేదో చూద్దామని ఇప్పుడు రాస్తున్నాను.

నేను పెళ్లి ఫొటోలు తీయను. వాటికి డ్రోన్లు ఎగరేసే కుర్రాళ్లు వచ్చేశారు. నాకు మిగిలినవి చిన్న హాళ్లు. గ్రంథాలయం మేడ మీద గది, యూనియన్ ఆఫీసు హాలు, అపార్టుమెంటు సెల్లారు, ఈ మధ్య బీచ్ రోడ్డు వైపు కాఫీ హోటళ్లు. అక్కడ పాడేవాళ్లనీ వాయించేవాళ్లనీ తీస్తాను. చిన్న హాల్లో ఫ్లాష్ వేస్తే పాడే మనిషి కళ్లు చెదిరిపోతాయి, అందుకని వేయను. నా కెమెరా పాతది, మీట నొక్కితే టప్పుమంటుంది, ముందు వరసలో వాళ్లు తిరిగి చూస్తారు. అందుకని ఒక పాటకి ఒకటో రెండో, అంతే. ఎప్పుడు నొక్కాలో చెవి చెప్పాలి. నాటకాల పద్యమైతే మరీను. మొదటి పాదం ఎత్తుకున్నప్పుడు మనిషి మొహంలో భయం ఉంటుంది. నడుమ పాదాల్లో మాటలు తప్పకూడదన్న ధ్యాస ఉంటుంది. ఆఖరి పాదం అయ్యాక రాగం తీస్తారు చూడండి, అప్పుడు మొహం తెరుచుకుంటుంది. ఎదురుగా ఎవరున్నారో కూడా గుర్తుండదు. ఆ మొహం కోసం ఊపిరి బిగబట్టి ఆగుతాను.

సరిగ్గా అప్పుడే ఎవడో ఒకడు శాలువా పట్టుకుని స్టేజీ ఎక్కుతాడు.

మా విశాఖపట్నంలో ఏ సభకైనా వెళ్లండి. జ్యోతి వెలిగించడానికి పది మంది, ఒక్కొక్కరికీ ఒక్కొక్క వత్తి. ఆ తర్వాత పూలగుత్తులు, శాలువాలు, జ్ఞాపికలు. శాలువా కప్పినవాడికి ఇంకొకడు శాలువా కప్పుతాడు. పాడడానికి వచ్చినవాళ్లు స్టేజీ పక్కన చెప్పుల దగ్గర నిలబడి ఉంటారు. టీచరమ్మగారు నాకు గుణింతాలు పూర్తిగా నేర్పకముందే ఒక మాట చదవడం దానంతటదే వచ్చేసింది, "ముఖ్య అతిథి". ప్రతి బ్యానరు మీదా అదే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. పాడేవాళ్ల పేర్లు అడుగున, పూలకుండీలు అడ్డం వచ్చే చోట ఉంటాయి. కాఫీ హోటళ్లలో గిటార్లు వాయించే పిల్లలైనా దీన్నించి తప్పించుకుంటారనుకున్నాను. అక్కడా పాట నడుమన ఎవరిదో పుట్టినరోజని కేకు తెస్తారు. గిటారు పక్కన పెట్టి ఆ పిల్లాడు చప్పట్లు కొట్టాలి.

ఇక ఆ పద్యం పాడినావిడ సంగతి. ఆవిడది భీమిలి. చిన్నప్పటి నుంచీ నాటక సమాజాల్లో ఆడవేషాలు కట్టి పద్యాలు పాడింది. సమాజాలు మూతబడ్డాక బజారులో ఎండుచేపలు అమ్ముకుంటూ, ఎవరైనా పిలిస్తే వచ్చి పాడేది. నాకంటే పెద్దది, అప్పా అని పిలుస్తాను. ఒకరోజు స్టూడియోకి వచ్చి మెడ మీద పైట తీసి చూపించింది. గొంతు దగ్గర నిమ్మకాయంత గడ్డ.

"డాట్రు కొయ్యాలన్నాడు సెల్లీ. కోసీసినాక గొంతు ఎలాగుంటాదో సెప్పలేనన్నాడు" అంది.

స్టూలు లాగి కూర్చోమన్నాను.

"దానికి కాదులే నీకాడికొచ్చింది. మా ఇంట్లో సంచీడు పొటోలున్నాయి. ఒక్కదాంట్లో నాను పాడతన్నానేమో సూడు. అన్నిట్లోనూ ఎవుడో సాలువా కప్పించుకుంటన్నాడు, నాను పక్కన నిలబడి సప్పట్లు కొడతన్నాను. ఇన్నేళ్లు నానేటి సేసినాను, సప్పట్లేనా? గొంతు పోతే పోనీ. పాడతన్నప్పటిది ఒక్క పొటో ఉండాల నాకు."

"తీత్తాను అప్పా" అన్నాను. మాటిచ్చాను.

ఆపరేషనుకి రెండు రోజుల ముందు సాయంత్రం కంచరపాలెంలో ఒక సాంస్కృతిక సంఘం వార్షికోత్సవం. ఆ సంఘం కార్యదర్శికి మద్దిలపాలెంలో పైపులూ కుళాయిలూ అమ్మే షాపుంది. అప్పకి అరగంట ఇచ్చాడు. అది గౌరవంతో ఇచ్చింది కాదని ఆ సాయంత్రమే తెలిసింది. ముఖ్య అతిథి ఆలస్యంగా వస్తున్నాడట, "జనం లేచిపోకుండా ఏదో ఒకటి పాడిస్తూ ఉండండి" అని మైకు అబ్బాయితో చెబుతుంటే విన్నాను. హార్మోనియం మీద ఒక మేష్టారు కూర్చున్నారు. గోదావరి జిల్లా నుంచి వచ్చి, స్టీలు ప్లాంటులో ఫర్నేసు దగ్గర పనిచేసి రిటైరైన మనిషి.

మొదటి పద్యంలో ఒక్క ఫొటో కూడా పనికిరాలేదు. మైకు స్టాండుకి గులాబీలు కట్టారు, ఆవిడ నోరు ఆ గులాబీల వెనకే ఉండిపోయింది. నేను సైగ చేస్తే మైకు అబ్బాయి స్టాండు కిందకి దించాడు. రెండో పద్యం ఎత్తుకుంది. ఇప్పుడు మొహమంతా కనబడుతోంది. నేను నేల మీద మోకాళ్ల మీద కూర్చుని ఆగాను. ఒక్కొక్క పాదమూ దాటింది. ఆఖరి పాదం కూడా అయి రాగం మొదలైంది. మెడ మీద ఆ గడ్డ పైకి లేచింది, గొంతు దాన్ని తోసుకుని పైకి వెళ్లింది, కళ్లు మూసుకున్నాయి. ఇంకొక్క క్షణం.

గుమ్మం దగ్గర గోల. కార్యదర్శి పరుగెత్తుకుంటూ స్టేజీ ఎక్కి, ఆవిడ నోటి ముందున్న మైకుకి అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆపండమ్మా, ఆపండి! మన ముఖ్య అతిథిగారు విచ్చేశారు, అందరూ లేచి నిలబడి చప్పట్లతో..."

హార్మోనియం ఒక్కటీ కాసేపు మోగి ఆగిపోయింది. ఆవిడ నోరు ఇంకా తెరిచే ఉంది. నేను నొక్కలేదు. పాట లేని ఆ నోటిని తీయడానికి నాకు చెయ్యి రాలేదు.

ఆ తర్వాత ఏం చేశారో తెలుసా? ఆవిడ చేతికే పళ్లెం ఇచ్చారు, శాలువాలు పెట్టిన పళ్లెం. "మీరు కాస్త పట్టుకోండమ్మా" అన్నారు. ఆవిడ పట్టుకుంది. కార్యదర్శి నా వైపు చెయ్యి ఊపి, "ఫొటో అమ్మా, ఇటు, ఇటు! గెస్టుగారు చూస్తున్నారు, తియ్" అని కేకలు. తీశాను, ఒప్పుకున్న పని కాబట్టి. ముఖ్య అతిథి రెండే రెండు ముక్కలు మాట్లాడతానని మైకు పట్టుకున్నాడు. తను వేయించిన రోడ్ల గురించి, కట్టించిన షాపుల గురించి మాట్లాడి మాట్లాడి, చివరికి మన కళలను మనమే బతికించుకోవాలన్నాడు. ఆ ముక్క అంటున్నప్పుడు అప్ప ఆయన వెనకే పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. జనం చప్పట్లు కొట్టారు. నాకు ఆ కెమెరాతో ఎవరి తలనైనా బద్దలుకొట్టాలనిపించింది.

ఆయన వెళ్లగానే జనం టిఫిన్ పొట్లాలు తీసుకుని వెళ్లిపోయారు. అప్ప కార్యదర్శి దగ్గరికెళ్లి, "బాబూ, పజ్జెం ఆకరు ఉండిపోనాది" అంది.

"సూపర్‌గా పాడేశారమ్మా, చాలు" అని ఆయన ఫోను చెవిన పెట్టుకున్నాడు.

మేష్టారు హార్మోనియం పెట్టెలో సర్దుతూ, "ఫర్నేసు దగ్గర ఇంత సర్వీసు చేశానండి. మంత్రి వచ్చినా కొలిమి ఆపలేదండి మేం" అన్నారు. నవ్విద్దామనే అన్నారు గాని ఆయనకే నవ్వు రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆసుపత్రిలో చేరాలి కాబట్టి అప్ప ఆ రాత్రి మా ఇంట్లోనే ఉంది. కంచం ముందు కూర్చుని, "వొచ్చినాదా?" అని అడిగింది. రాలేదన్నాను. "మరి పోనీలే సెల్లీ" అంది.

ఆ "పోనీలే" అన్నందుకు నాకు వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు. ఆవిడ మీద కాదు. ఒక మనిషి చేత అంత తేలిగ్గా ఆ మాట అనిపించిన అందరి మీదా. ఆపరేషను అయ్యాక ఆవిడ గొంతు ఎలా ఉందని విన్నవాళ్లంతా అడుగుతారు. నేను చెప్పను. గొంతు బాగుంటే వాళ్లు చేసింది ఒప్పయిపోతుందా?

మర్నాడు తెల్లారగానే కార్యదర్శి ఫోను. "శాలువా ఫొటోలు పంపలేదేంటమ్మా? మధ్యాహ్నంలోపు పేపరు వాళ్లకివ్వాలి. గెస్టుగారు అప్పుడే రెండుసార్లు అడిగించారు."

కెమెరాలోంచి కార్డు తీసి చీర కొంగున ముడేసుకున్నాను. కెమెరాలో కొత్త కార్డు పెట్టి, అప్పని హాలు దగ్గరికి రమ్మని, మేష్టారికి ఫోను చేసి అక్కడికే హార్మోనియం తెమ్మని, ఆటో ఎక్కి మద్దిలపాలెం వెళ్లాను. కార్యదర్శి షట్టరు సగం ఎత్తి అగరొత్తులు తిప్పుతున్నాడు.

"హాలు తాళం కావాల" అన్నాను.

"తాళమా? ఎందుకు?"

"అప్ప పజ్జెం ఉండిపోనాది. పాడతాది. నాను పొటో తీసుకుంటాను."

నవ్వాడు. "దానికి హాలెందుకమ్మా? మీ స్టూడియోలో మైకు పట్టుకుని నోరు తెరవమను. ఎవడికి తెలుస్తుంది?"

"అప్పకి తెలుత్తాది."

"హాలు ఊరికే ఇవ్వరమ్మా. కమిటీ ఉంది, రూల్సున్నాయి."

"నిన్న పజ్జెం ఆపీడానికి కమిటీ కూకుందేటి?"

ఆయన మొహం మాడింది. "నాకు టైం లేదు. ముందు ఫొటోలియ్యి."

కొంగు ముడి చూపించాను. "ఇందులో ఉన్నాయి. తాళం ఇత్తే ఇత్తాను."

"బెదిరిస్తున్నావా?"

"అవును" అన్నాను.

తాళం ఇచ్చాడు. హాల్లో ఏం విరగ్గొడతామో అని స్కూటరు మీద వెనకే వచ్చాడు కూడా. నిన్నటి టిఫిన్ కాగితాలు ఇంకా కుర్చీల కిందే ఉన్నాయి. వాచ్‌మన్ భార్య ఊడుస్తోంది. మేష్టారు పెట్టె తెరిచి శ్రుతి పట్టారు.

"ఒట్టి కుర్సీలకి పాడాలేటి?" అంది అప్ప.

వాచ్‌మన్ భార్య చీపురు పక్కన పెట్టి ముందు వరసలో కూర్చుంది. "నానున్నాను గదా, పాడు" అంది.

మైకు లేకుండా ఎత్తుకుంది. సగం పద్యం అయ్యేసరికి స్టేజీ మెట్ల మీద అడుగుల చప్పుడు. చూస్తే కార్యదర్శి. చేతిలో శాలువా.

"నిన్నటిది ఒకటి మిగిలిందమ్మా. ఆవిడకి కప్పుతాను, నన్ను కూడా కలిపి తీసెయ్."

అప్ప ఆగిపోయింది. అన్నాళ్లూ ఆయన్ని మీరు అనే పిలిచాను, గారు లేకుండా ఎప్పుడూ అనలేదు.

"దిగు" అన్నాను.

"ఏంటా మాట? మర్యాద..."

"దిగు కిందకి!"

"దిగిపోండి బాబూ, శ్రుతి పోతంది" అన్నారు మేష్టారు హార్మోనియం మెట్ల మీంచి వేళ్లు తీయకుండానే. వాచ్‌మన్ భార్య పకపకా నవ్వింది. ఆయన శాలువా చంకలో పెట్టుకుని దిగాడు.

"మల్లీ మొదట్నుంచీనా సెల్లీ?"

"మొదట్నుంచీ అప్పా."

పాడింది. రాగం తీసింది. నొక్కాను.

తాళం ఆయన చేతిలో పెట్టేసి, "ఫొటోలు?" అంటే "పంపుతాను" అని వచ్చేశాను. తాళం ఇస్తే ఇస్తానన్నాను గాని ఎన్ని గంటలకిస్తానో చెప్పలేదు. స్టూడియోలో ముందు ఆవిడ ఫొటో ప్రింటు తీశాను. అప్ప దాన్ని వెలుగులోకి తిప్పి చూసుకుని, "ఓలమ్మ, పుచ్చిపోయిన పన్ను కూడా కనపడతన్నాదే" అంది. పైట చాటున పెట్టుకుంది. ఆటోలో ఆసుపత్రికి వెళ్తున్నంతసేపూ నా ఫోను మోగుతూనే ఉంది. వార్డులో ఆవిడ మంచం ఎక్కేదాకా మోగనిచ్చాను.