వేసవంతా వెతికిన ఐదు

నా చిన్నప్పుడు ఒక వేసవంతా, నా కుడిచెయ్యి పడిపోతుందేమోనని భయపడుతూ బతికాను. ఏడో తరగతి పరీక్షలు అయిపోయిన రోజున నోటి దురుసుకొద్దీ నాకు నేనే తెచ్చిపెట్టుకున్న భయం అది.

చోడవరంలో మాది పరుపులు కుట్టే ఇల్లు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. అరబ్బీ అంటే నమాజులో చదివే సూరాలు నోటికి రావడమే తప్ప, ఒక్క ముక్కకు అర్థం తెలియదు. తరగతిలో ముస్లిం పిల్లను నేనొక్కదాన్నే. నా పక్కన కూర్చునేది రావికమతం నుంచి బస్సులో వచ్చే చెరుకు రైతు కూతురు. మంచి పిల్లే గానీ ప్రశ్నల పుట్ట. మీరు రోజుకు ఐదుసార్లే నమాజు ఎందుకు చేస్తారు, నాలుగైతే ఏం, ఆరైతే ఏం, అసలు ఎవరు చెప్పారు అని ఆ రోజు నా ప్రాణం తీసింది. నాకు తిక్క రేగింది. "మా ఖురాన్లో రాసుంది, రోజుకి ఐదు అని. ఖురాన్ మీద ఒట్టు! నేకపోతే నా కుడిచెయ్యి పడిపోద్ది" అనేశాను. చుట్టూ ఉన్న పిల్లలు నోళ్లు తెరిచారు. "అయితే బడి తెరిసేక ఎక్కడుందో సూపించు" అంది ఆ పిల్ల.

చూపించడానికి ఎంతసేపు అనుకున్నాను. మా తాతయ్య దగ్గర తెలుగు ఖురాన్ ఉండేది. గుడ్డలో చుట్టి బీరువా మీద పెట్టుకునేవాడు. ఒట్టు సంగతి దాచి, ఐదు నమాజుల మాట ఏ పేజీలో ఉందో చెప్పమన్నాను. ఆయన నా మొహంలోకి ఒక్కసారి చూసి, కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేసుకు రమ్మన్నాడు. "మొదట్నుంచీ సదువు. కనబడితే నాకూ సెప్పు" అని పుస్తకం చేతికిచ్చాడు.

చదివాను. నా వయసు పిల్లలంతా మామిడికాయల వెంట తిరుగుతుంటే నేను రోజూ ఆ పుస్తకం ముందు కూర్చున్నాను. నమాజు చెయ్యండి అన్న మాట కొల్లలుగా దొరికింది. పగటి రెండు కొసల్లోనూ, రాత్రి కొంత భాగంలోనూ అని ఒకచోట ఉంది. పొద్దు వాలింది మొదలు చీకటి పడేదాకా అని మరోచోట ఉంది. తెల్లవారి నమాజు, రాత్రి నమాజు పేరు పెట్టి చెప్పి ఉన్నాయి. మధ్య నమాజును జాగ్రత్తగా చూసుకోమని ఉంది. అవన్నీ కలిపి వేళ్ల మీద లెక్కపెడితే ఒకసారి మూడు వచ్చేవి, ఒకసారి ఐదు వచ్చేవి. రోజుకు ఐదు అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. ఆఖరి పేజీ కూడా తిప్పేశాను. పుట్టినప్పటినుంచీ ఇంటిల్లిపాదీ చేస్తున్న లెక్క పుస్తకంలో లేకపోవడమేమిటి? పేజీలేమైనా ఊడిపోయాయేమోనని కుట్టు దగ్గర వేలు పెట్టి మరీ చూశాను.

ఆ మధ్యాహ్నం పుస్తకాన్ని పీట మీద పెట్టి, పక్కనున్న దూది బస్తాల మీద చెయ్యి తలకింద పెట్టుకుని నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి కుడిచెయ్యి లేదు. అంటే ఉంది గానీ నాది కాదు. ఎడంచేత్తో ఎత్తి వదిలితే దభీమని పడింది. నేను పెట్టిన కేకకు తాతయ్య చేతిలో దబ్బనంతోనే పరిగెత్తుకొచ్చాడు, వెనకాలే మా అమ్మ. ఏడుస్తూ ఒట్టు సంగతంతా కక్కేశాను.

తాతయ్య నవ్వలేదు. నా పక్కన కూర్చుని, తిమ్మిరి వదిలేదాకా ఆ చెయ్యి రుద్దాడు. వేళ్లలో చీమలు పాకడం మొదలయ్యాక మెల్లగా అన్నాడు. "నీకు కనబడకపోడం కాదమ్మా. నమాజులు ఐదు అన్న అంకె అందులో నేదు."

మా అమ్మ నోరు నొక్కుకుంది. "ఏటి మావయ్యా, గుంటకి అలాగ సెప్తన్నారు!" అంది. నాకైతే చెయ్యి పడిపోయినా అంత దిమ్మ తిరిగేది కాదేమో. ఆయనకు ముందే తెలుసు. తెలిసి నన్ను వేసవంతా వెతకనిచ్చాడు.

అప్పుడు చెప్పాడు. వేళలు పుస్తకంలోనే ఉన్నాయట. ఆ వేళల్ని ఐదుగా నిలబెట్టి, ఎలా చెయ్యాలో చేసి చూపించింది ప్రవక్త అట. ఆయన్ను చూసినవాళ్లు చెప్పిన మాటలు హదీసులని వేరే గ్రంథాల్లో ఉన్నాయట. ఆ వేళలన్నీ కూడితే ఐదూ ఖురాన్లోనే ఉన్నాయనే పండితులున్నారు, మూడే అనేవాళ్లూ అక్కడక్కడా ఉన్నారన్నాడు. తనకు తెలుగు ఖురాన్ దొరికేసరికి అరవై ఏళ్లు నిండాయట. అందాకా అర్థం తెలియకుండా చదివినవాడే. నాలాగే వెతికి, దొరక్క, రెండు రోజులు అన్నం సయించక పడుకున్నాడట.

"మరి రేపట్నుంచి ఎన్నిసార్లు సెయ్యాలి తాతా?" అన్నాను.

"నేనెన్ని సేస్తన్నాను?"

"ఐదు."

"తెలిసేక మానేసేనా? అప్పుడు మా నాన్న సేసేడని సేసేను. ఇప్పుడు తెలిసి సేస్తన్నాను" అన్నాడు. నా ఒట్టు గురించి కూడా చెప్పాడు. పొరపాటున నోరు జారిన ఒట్లకు దేవుడు పట్టుకోడని ఆ పుస్తకంలోనే ఉంది, అది మాత్రం పట్టించుకోకుండా దాటేశావు అన్నాడు. "దేవుడు ఒగ్గేస్తాడు. ఆ పిల్లకి మాత్రం నువ్వే సెప్పుకోవాలి."

అది అన్నిటికంటే కష్టమైంది. బడి తెరిచిన రోజు, ఒట్టు విన్న పిల్లలందరి ముందూ, నేను చెప్పింది తప్పని చెప్పాను. చదవకుండానే ఒట్టు వేశానని చెప్పాను. రావికమతం పిల్ల ఎగతాళి చేస్తుందనుకున్నాను. ఆ పిల్ల నా వైపు జరిగి, "మా ఇంట్లో భగవద్గీత ఉందే. పండగ పండక్కీ పసుపు బొట్లు పెడతాం. ఇప్పి సదివినోళ్లు మాత్రం ఒక్కరూ నేరు" అంది చిన్నగా.

ఇప్పుడు నాకు అప్పటి మా తాతయ్య వయసు దాటింది. మా గ్రంథంలో ఉంది, మీ గ్రంథంలో ఉంది అని ఎవరు గొంతు పెంచినా, ఏ పేజీలో అని అడగబుద్ధేస్తుంది. ముందు నన్నే అడుక్కుంటాను. ఐదు పూటలూ నమాజు చేస్తూనే ఉన్నాను. ఆ పుస్తకాన్ని తెలుగులో మొదటినుంచి చివరిదాకా ఎన్నిసార్లు చదివానో గుర్తులేదు. దాని మీద ఒట్టు మాత్రం మళ్లీ ఎప్పుడూ వేయలేదు.