తువ్వాల కింది శ్రోత

ఆ రోజుల్లో ఇబ్రహీంపట్నంలో దుఃఖానికి మహా కరువుగా ఉండేది. భూముల ధర పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. నిన్నటిదాకా ఎద్దుల వెనక నడిచినవాళ్లు కొత్త కార్ల ముందు కొబ్బరికాయలు కొడుతున్నారు. ఊరంతా అలా నవ్వుతున్నప్పుడు నేనూ నా ఇద్దరు దోస్తులూ కలిసి బ్లూస్ రాక్ బ్యాండు పెట్టాం. బ్లూస్ అంటే గుండెలోని బాధను గిటారు తీగ మీద సాగదీసి సాగదీసి ఏడవడం. గిటారు నాది, డ్రమ్ములు లంబుగాడివి, గొంతు నిమ్మకాయది (ముఖం ఎప్పుడూ పులుపు తిన్నట్టు ఉంటుందని ఆ పేరు). మాకు లేనిదల్లా బాధే. చివరికి నిమ్మకాయ, సిటీకి పోయే ఆఖరి బస్సు తన కళ్లముందే వెళ్లిపోయిన సంగతి తలచుకుని "పోతివా... నన్నిడిసి పోతివా" అని పాట కట్టాడు. బ్లూస్ పద్ధతిలో ఒక్కో మాటనూ రెండుసార్లు అనాలట. వాడు నాలుగుసార్లు అన్నాడు. ఆ బస్సంటే అంత ప్రేమ.

మీర్‌పేట్‌లో భజనలు రికార్డు చేసే స్టూడియోలో, రెండు భజనల మధ్య సందు చూసుకుని దూరి ఆల్బం పూర్తి చేశాం (చివరి పాట వెనక సన్నగా తాళాలు వినిపిస్తాయి, అది మా ప్రయోగమని అందరికీ చెప్పాం).

ఇక మా నాన్న, అదే బాపు సంగతి. ఊళ్లో పొలాలు ప్లాట్లు చేసి వేసిన వెంచరుకు సరిగ్గా నడుమ మా ఎకరం పడింది. అందులోంచి రోడ్డు వేస్తే తప్ప మా గల్లీవాళ్లు కొనుక్కున్న ప్లాట్లకు దారి లేదు. బాపు అమ్మనన్నాడు. గల్లీ మొత్తం ఆయనతో మాటలు మానేసింది. వరసకు ఆయనకు అక్కయ్యే మూల ఇంటి అత్త కూడా ఎదురుపడితే మొహం తిప్పుకునేది. ఆ ఉక్రోషమంతా ఇంట్లో నా గిటారు మీద తీరేది.

సీడీ చేతికొచ్చిన రోజు బాపు తీర్పు చెప్పాడు. "జూడు బిడ్డా, గీ గల్లీల ఒక్కరన్న నీ పాట ఇని మంచిగున్నదంటే గిటారే కొట్టుకో. లేకుంటే సోమారం నుంచి మీ మామ ప్లాట్ల ఆఫీసుల కూసో."

"మనతోని మాట్లాడెటోళ్లే లేరు గద బాపు!"

"గది నీ నసీబు" అని, వాకిట్లో మంచం మీద వాలి, ఎండ పడకుండా తువ్వాల మొహం మీద కప్పుకున్నాడు.

మేం పెండ్లిళ్లకు పెట్టే పెద్ద స్పీకరు డబ్బాలు తెచ్చి, గల్లీ వైపు తిప్పి పాట పెట్టాం. "పోతివా..." అని నిమ్మకాయ గొంతు ఇల్లిల్లూ తిరిగొచ్చింది. మా దగ్గర ఒక ఆచారం ఉంది. ఏ ఇంట్లోనైనా శోకం లేస్తే, పగలున్నా పంతాలున్నా, చేతిలో పని వదిలేసి వచ్చి గొంతు కలపాలి. మొదట మూల ఇంటి అత్త వచ్చింది, చేతులకు పిండితోనే. మంచం చూసింది, తువ్వాల చూసింది, కూలబడిపోయింది.

"ఓ తమ్మీ! నేను మాట్లాడలేదని అలిగి పోతివా తమ్మీ!"

వెనకే గల్లీ అంతా వచ్చిపడింది. సరిగ్గా అప్పుడే నా గిటారు మలుపు తిరిగింది, ఆడవాళ్ల గొంతులు దాని మీద పాలమీగడలా వచ్చి పరుచుకున్నాయి. "శ్రుతి కలిసిందిరా మామా!" అని లంబుగాడు నా చెయ్యి గిల్లాడు. పాట ఆపాల్సిందే, నిజమే. కానీ మొదటిసారి దొరికిన శ్రోతల్ని ఏ కళాకారుడు వదులుకుంటాడు?

ఇంతలో బాపు కాలి బొటనవేలు కదిలింది. మేల్కొన్నాడు! కానీ తువ్వాల తీయలేదు.

"కొట్లాడినా మనసు ఎన్నపూసనాయె!" అంది ఒకామె. "నా బిడ్డ పెండ్లికి పందిరంత ఒక్కడే ఏసిండు!" అంది ఇంకొకామె. తువ్వాల కింద మా బాపు హాయిగా వింటున్నాడు. చివరికి ఎవరో, "బర్రెను మా చేన్లకు తోలినా ఒక్క మాటనకపోతిమి!" అన్నారు.

తువ్వాల గాల్లోకి లేచింది. "గది నా బర్రె గాదు!"

కేకలు, పరుగులు. అత్త ఒక్కతే నిలబడి ఆయన వీపు మీద పిండి అచ్చుపడేలా ఒక్కటిచ్చింది. "సావలేదా? మరి గా ఏడుపేంది?"

"పాట అత్తా" అన్నాను.

"ఎవలు సచ్చిండ్రని?"

"బస్సు పోయింది అత్తా" అన్నాడు నిమ్మకాయ, నిజాయితీగా.

అత్త కొంగుతో కళ్లు తుడుచుకుంది. "బస్సుకే గింత మంచిగ ఏడిసినవ్ గద బిడ్డా!"

మంచిగ! నేను గెలిచినట్టు బాపు వైపు చూశాను. ఆయన నన్ను చూడటం లేదు. ఎన్నో నెలల తర్వాత నిండిన తన వాకిలిని చూసుకుంటున్నాడు. "ఏం జూస్తున్నవ్‌రా? అందరికి చాయ్ పెట్టు" అన్నాడు.

గిటారు దక్కింది. ఆల్బం మాత్రం ఎవరూ కొనలేదు. మిగిలిన సీడీలను అత్త తన జొన్నచేలో పిట్టలు రాకుండా దారాలకు వేలాడదీసింది (పిట్టలు నిజంగానే రాలేదు, అదీ ఒక సమీక్షే). నిమ్మకాయ ప్లాట్లు అమ్మి బాగుపడ్డాడు. మాకు మిగిలిన అభిమాని బాపు ఒక్కడే. ఎవరితో గొడవపడినా ఆ పాట పెట్టించుకుని, తువ్వాల కప్పుకుని పడుకునేవాడు. "సావలేదు తియ్, నాకెరుకే!" అని అత్త తన ఇంట్లోంచే అరిచేది. అరుస్తూనే వచ్చి, చాయ్ తాగి పోయేది.

నమ్మకపోతే మా బాపును అడగండి అనేవాణ్ని ఇదివరకు. ఇప్పుడు అడగడానికి ఆయన లేడు కాబట్టి నమ్మాల్సిందే. మొన్న ఆదివారం మీర్‌పేట్‌లోని మా ఫ్లాటులో, ఇంటిల్లిపాదితో గొడవపడి, ఆ పాత సీడీ పెట్టి సోఫాలో పడుకున్నాను. మొహం మీద తువ్వాల ఎలా వచ్చిందో నాకు తెలియదు. నిమ్మకాయ రెండోసారి "పోతివా" అనేసరికి బెల్లు మోగింది. గుంటూరు వైపు నుంచి వచ్చి పక్క ఫ్లాటులో ఉంటున్న పెద్దాయన. సౌండు తగ్గించమంటాడనుకున్నాను.

"అయ్యో, ఎవరన్నా పోయారా అమ్మా?" అని మా ఆవిడను అడిగాడు.

నేనూ తువ్వాల తీయలేదు. బొటనవేలు మాత్రం కదిలినట్టుంది.