తుప్పు పట్టించిన తుపాకీ

మొన్న శుక్రవారం బహ్రెయిన్‌లో, హిద్‌లోని మా గది కిటికీ ఊచలకి రంగు వెయ్యమని ఇంటాయన ఒక మనిషిని పంపించాడు. రంగుకి ముందు ఆ మనిషి ఉప్పుకాగితంతో తుప్పు గీకుతుంటే పొడి గదంతా లేచి, కంచంలో పడి, అన్నంతో పాటు నా నోట్లోకి వచ్చింది. సముద్రం పక్కనున్న ఊళ్ళో ఇనుము తుప్పు పట్టడం వింతేమీ కాదు. ఇక్కడి గాలి గొళ్ళేన్నీ తాళాన్నీ గ్యాసు పొయ్యి కాళ్ళనీ దేన్నీ వదలదు. అయినా ఆ రుచి తగలగానే నేను కంచం జరిపేసి చెయ్యి కడుక్కున్నాను. నాతో గదిలో ఉండే ఆవిడ ఏమైందని అడిగితే ఒక మనిషి గుర్తొచ్చిందన్నాను. తుప్పుని చూస్తే మనిషి గుర్తు రావడమేమిటని ఆవిడ పకపకా నవ్వింది. ఆవిడకి చెప్పలేదు గానీ మీకు చెబుతాను.

అప్పట్లో నేను ఇక్కడే బుసైతీన్‌లో ఒక పెద్ద ఇంట్లో వంట చేసేదాన్ని. ఊడవడం, తుడవడం, బట్టలు, ఇస్త్రీ వదినవి. వదిన అంటే నాకు చుట్టమేమీ కాదు. ఆవిడది రాజోలు వైపు, మాది నరసాపురం వైపు, మధ్యలో గోదావరి. బహ్రెయిన్ వచ్చాక వరస కలుపుకోవడానికి ఆ మాత్రం చుట్టరికం చాలు. నాకంటే పెద్దది, పొట్టి మనిషి, ఖాళీగా కూర్చోవడం చేతకాదు. శుభ్రం ఆవిడకి ఒక జబ్బు. కూర ఇంకా పొయ్యి మీద ఉండగానే నా చేతిలో గరిట లాక్కుని తోమేసేది, నేను వెతుక్కుంటూ తిట్టుకునేదాన్ని. ఇంటి యజమానిని మేము బాబా అనీ, ఆయన భార్యని మామా అనీ పిలిచేవాళ్ళం. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు ఇక్కడ అలాగే పిలవాలి. మా వీసాలు తీసిన కఫీల్ కూడా బాబాయే కాబట్టి మా పాస్‌పోర్టులు ఆయన బీరువాలో ఉండేవి.

బాబా చెడ్డవాడని ఆ వీధిలో ఎవర్నడిగినా చెప్పరు. అరవడు, చెయ్యెత్తడు, పండక్కి బట్టలు పెడతాడు, వీధి పిల్లులకి చేపలు వేయిస్తాడు. మాట ఎంత మెత్తగా ఉండేదంటే, ఆయన ఏమన్నాడో అర్థమయ్యేసరికి ఆయన గదిలోంచి వెళ్ళిపోయి ఉండేవాడు. ఉద్యోగం మానేశాక పొద్దు గడవక ఏవేవో సరదాలు పెట్టుకున్నాడు. కొన్నాళ్ళు చేపల తొట్లు నడిచాయి, అవి చచ్చిపోయాయి. కొన్నాళ్ళు పాత రేడియోలు విప్పి పెట్టాడు, వాటిని మళ్ళీ బిగించలేదు. ఆ తర్వాత ఒక పొడుగాటి అట్టపెట్టె విదేశం నుంచి వచ్చింది. అందులో ఒక తుపాకీ ఉంది, ముక్కలు ముక్కలుగా. మూతిలోంచి మందు కూరి పేల్చే పాతకాలపు రకం. మా ఊరి వైపు పిట్టలు కొట్టేవాళ్ళ భుజాన నేను చూసినదే, కాకపోతే ఇది దొరబాబుల తుపాకీ. ఎనిమిది పలకల ఇనప గొట్టం, సగం చెక్కి వదిలేసిన కర్ర, ఇత్తడి రేకులు, చెకుముకి రాయి బిగించే సుత్తి, గొట్టంలోకి దూర్చే పొడుగు పుల్ల. బాబా వాళ్ళ తాతగారి కాలంలో పెళ్ళిళ్ళకి మగవాళ్ళు వరసగా నిలబడి ఇలాంటివి భుజాన వేసుకుని ఆడేవారట. దీన్ని స్వయంగా తయారుచేసి మజ్లిస్‌లో, అంటే మగవాళ్ళు కూర్చునే ముందు హాల్లో, గోడకి పెట్టాలని ఆయన కోరిక. నిప్పు లోపలికి పోయే రంధ్రం కావాలనే పొడవకుండా పంపించారు, గోడకి తగిలించే తుపాకీయే గాని అది పేలేది కాదు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఈ పేలని తుపాకీ తగలాల్సిన వాళ్ళకి తగిలింది.

కర్రలో ఇనుము కూర్చోబెట్టడం ఓపిక పని. ఇనప ముక్కకి మసి పూసి కర్ర గాడిలో నొక్కి తీస్తే, ఎక్కడ అడ్డుతగులుతోందో అక్కడ నల్లగా అంటుతుంది. ఆ నలుపున్న మేరకే ఉలితో గీరాలి, మళ్ళీ మసి పూసి నొక్కాలి. బాబా దగ్గరున్న మసి సీసా అయిపోయింది. అదే సమయానికి వదిన మా వంటింటి వెనక ఆముదం దీపం మీద రాగి పళ్ళెం బోర్లించి కాటుక పడుతోంది. కూతురికి తొలి కాన్పు. మా వైపు తొలి పురుడు తల్లి పొయ్యాలి. తండ్రి లేని పిల్ల. వదిన ఊళ్ళో ఉండి తలుపు తీస్తేనే దానికి పుట్టిల్లు. అందుకని బాబాని ముందే బతిమాలి సెలవు ఒప్పించుకుంది, టికెట్టు తీయించుకుంది. పుట్టబోయే బిడ్డకి నుదుట పెట్టే బొట్టు దగ్గర్నుంచి పొత్తిగుడ్డల వరకు పెట్టెలో సర్దుకుంటోంది. బాబా వెనక వైపు వచ్చి పళ్ళెం చూశాడు, వేలితో తాకి చూసుకుని మురిసిపోయి, ఆ కాటుకంతా గీకి పట్టుకుపోయాడు.  మర్నాడు వదిన మళ్ళీ ఆముదం పోసింది.

కర్ర పని అయ్యాక గొట్టం పని. కొత్త ఇనుము తెల్లగా మెరుస్తుంటే ఈ రకం తుపాకీకి అందం కాదట. గొట్టానికి ఏదో ద్రావకం పూసి, తడిగాలిలో వేలాడదీసి, కావాలనే తుప్పు పట్టిస్తారు. పట్టిన తుప్పుని ముతకగుడ్డతో పైపైన రుద్ది మళ్ళీ పూస్తారు. అలా తుప్పు మీద తుప్పు కూర్చుంటే చివరికి ముదురు బెల్లం రంగు వస్తుంది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాకు కనపడింది మాత్రం బట్టలుతికే గదిలో పైపుకి వేలాడదీసిన ఇనప గొట్టమూ, కింద వేడినీళ్ళ బకెట్టూ. బాబా దాన్నలా తగిలించి మక్కాకి, ఉమ్రా యాత్రకి వెళ్ళాడు. వెళ్తూ వదినతో ఒకటే మాట అన్నాడు: "జాగ్రత్తగా చూసుకో."

ఉతికే గది వదిన రాజ్యం. అక్కడ ఒక వస్తువు రోజు రోజుకీ ఎర్రగా పాడైపోతుంటే ఆవిడకి నిద్ర పట్టలేదు. "ఇంతిలాగ తుప్పట్టిపోతంటే సూత్తా ఎలాగుంటాం అమ్మాయ్? జాగర్త సెప్పి ఎల్లాడు. ఒచ్చి నన్నే అంటాడు గదా" అంది నాతో. అదీగాక మా వాళ్ళకి ఒక పద్ధతి ఉంది. ఊరికి పోయేముందు ఇల్లు అద్దంలా పెట్టి పోవాలి, యజమాని పాస్‌పోర్టు నవ్వుతూ మన చేతిలో పెట్టాలి, తిరిగొచ్చేదాకా మన పేరు ఆ ఇంట్లో చల్లగా ఉండాలి. బాబా రావడానికి ముందురోజు ఆవిడ నా దగ్గర చింతపండు, ఉప్పు అడిగి తీసుకుంది. ఇత్తడి బిందెలు తోమినట్టు ఆ గొట్టాన్ని ఎనిమిది పలకలూ తోమింది. వెండి కడ్డీలా చేసి, మళ్ళీ తుప్పు పట్టకుండా దానికి కొబ్బరినూనె కూడా పట్టించింది. నన్ను పిలిచి చూపించింది. చాలా బాగుంది వదినా అన్నాను, నిజంగానే బాగుంది.

బాబా చూశాడు. అరిస్తే బాగుండేది. ఆయన నవ్వాడు, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. మజ్లిస్‌లో కూర్చున్న తమ్ముళ్ళిద్దరినీ పిలిచి గొట్టం చూపించి, వదినని చూపించాడు. వాళ్ళూ నవ్వారు. వదిన మెచ్చుకుంటున్నారనుకుని వాళ్ళతో పాటు నవ్వింది. ఆ నవ్వు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. తర్వాత ఆయన వచ్చీరాని హిందీలో, పసిపిల్లకి చెప్పినంత ఓపిగ్గా చెప్పాడు: "తుప్పు నువ్వు ఖలాస్ చేశావు. తుప్పు నువ్వే తీసుకురా. తుప్పు వస్తుంది, నువ్వు ఊరికి వెళ్తావు." వదినకి అర్థం కాక నా వైపు చూసింది. నేను తెలుగులో చెప్పాల్సి వచ్చింది. ఆవిడ అక్కడే నేలమీద కూలబడి, కూతురికి నెలలు నిండాయని, పుట్టింట్లో దీపం పెట్టే దిక్కులేదని దణ్ణం పెట్టింది. మామా కూడా కల్పించుకుని అరబ్బీలో ఏదో అంది. బాబా మా అందరికీ అర్థమవ్వాలని హిందీలోనే జవాబిచ్చాడు: "పిల్ల పుడుతుంది. ఈమె ఉన్నా పుడుతుంది, లేకపోయినా పుడుతుంది. తుప్పు మాత్రం ఈమె లేకపోతే రాదు." టికెట్టు రద్దయిపోయింది. మామా మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. లోపలికెళ్ళి బిడ్డకని ఒక గౌను తెచ్చి వదిన చేతిలో పెట్టింది.

తుప్పు రమ్మంటే వస్తుందా? అక్కర్లేనప్పుడు కిటికీలనీ తాళాలనీ తినేసేది, కావాలంటే రాలేదు. ఆ కొబ్బరినూనె ఇనుములోకి ఇంకిపోయి ఎక్కడికక్కడ అడ్డం పడింది. సబ్బుతో కడిగాం, సోడాతో కడిగాం, బాబా ఇచ్చిన ద్రావకం పూశాం. చారలు చారలుగా వచ్చింది. ఆయన పొద్దున్నే గహ్వా కాఫీ కప్పుతో వచ్చి, తెల్ల జేబురుమాలు చుట్టిన వేలు గొట్టం పొడుగునా నడిపించి, మచ్చ దగ్గర ఆగి, "మళ్ళీ" అనేవాడు. అంతవరకూ పట్టిన తుప్పంతా గీకేసి మొదటికి రావాలి. నాకు ఒళ్ళు మండి ఒకరోజు చేపల కూరలో గుప్పెడు కారం గుమ్మరించాను. చెమటలు కక్కుతూ తిని, ఇన్నాళ్ళకి కూర కుదిరిందని మెచ్చుకున్నాడు. ఆ మనిషిని ఏం చెయ్యగలం?

ఆ గదిలో ఏసీ ఆపేయించాడు, తుప్పుకి చల్లగాలి పడదని. వేసవి ఉక్క, వేడినీళ్ళ ఆవిరి, మధ్యలో వదిన. తడి చేత్తో పట్టుకున్నచోట తుప్పు ముందు లేస్తోందని ఆవిడే కనిపెట్టింది. చెమటలో ఉప్పుంటుంది కదా. అప్పట్నుంచి మొహం తుడుచుకున్న గుడ్డతో, మెడ తుడుచుకున్న గుడ్డతో గొట్టాన్ని రుద్దడం మొదలుపెట్టింది. అరచేతులు పగిలి గీతల్లో ఎరుపు దిగిపోయింది, అన్నం కలుపుకుంటే అన్నం ఎర్రబడేది. బాబాకి ఇది మహా వినోదం. వచ్చిన అతిథులకల్లా ఉతికే గది తలుపు తీసి, "మా ఇంటి తుప్పు ఫ్యాక్టరీ" అని చూపించేవాడు. వాళ్ళలో ఒక పెద్దాయన మాత్రం నవ్వకుండా చూపు తిప్పుకున్నాడు. ఆయన ఇచ్చిన మర్యాద అంతవరకే.

ఊళ్ళో ఈ సంగతి వదిన ఎలా చెప్పుకుంటుంది? తుపాకీకి తుప్పు పట్టక ఆగిపోయానంటే నమ్మేవాళ్ళెవరు? టికెట్టు దొరకలేదని చెప్పింది. తర్వాత మేడమ్‌కి ఒంట్లో బాగాలేదంది. కూతురు మొదట్లో ఏడ్చేది, తర్వాత ఊఁ కొట్టేది, తర్వాత ఫోను అత్తగారికి ఇచ్చేసేది. ఆ మహాతల్లి గొంతు వంటింట్లో ఉన్న నాకు కూడా వినపడేది. "కన్నబిడ్డ కంటే ఆ దేశమే ఎక్కువైపోయిందా నీకు? దానికి తల్లి లేదనుకుని మేమే పోసుకుంటాంలే పురుడు." వదిన ఫోను రెండు చేతులా పట్టుకుని, "తప్పయిపోయింది వదినగారూ, తప్పయిపోయింది వదినగారూ" అనేది. ఏం తప్పో ఒక్కసారీ చెప్పలేదు.

ఆడపిల్ల పుట్టిందని ఫోను వచ్చినప్పుడు వదిన చేతిలో గుడ్డ ఉంది. ఆ గుడ్డ కింద పెట్టకుండానే ఫోను చెవికి ఆనించుకుంది. అవతల బిడ్డ కేరుమంటోంది, ఎవరో దాని చెవిలో ఊదమంటున్నారు, ఎవరో వేణ్ణీళ్ళు తెమ్మని అరుస్తున్నారు. అమ్మాయినివ్వమంటే పడుకుందన్నారు. "ఎవరి పోలికండీ?" అని అడిగింది. సరిగ్గా వినపడలేదో, వినపడనట్టు ఊరుకున్నారో, ఫోను పెట్టేశారు. వదిన నన్ను చూసి, "ఏడుపు మాత్రం మా అమ్మాయిదే" అని, తిరిగి గొట్టం రుద్దుకుంది. నేను పొయ్యి ఆపేసి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆ రోజు భోజనం ఆలస్యమైందని బాబా ఏమీ అనలేదు, బయట నుంచి తెప్పించుకున్నాడు.

ఆ తర్వాత కొన్ని వారాలకి గొట్టం రంగు తిరిగింది. మచ్చ లేదు, చార లేదు. చెరుకు పానకం ముదిరి బెల్లమయ్యే ముందు ఒక రంగు వస్తుంది చూడండి, అది. బాబా దాన్ని కిటికీ దగ్గరకి తీసుకెళ్ళి, వెలుగులో తిప్పి తిప్పి చూశాడు. "మాషా అల్లా" అన్నాడు. మైనం పూసి, కర్రలో బిగించి, మజ్లిస్‌లో గోడకెక్కించి, బంధువులందరినీ పిలిచి విందు చేశాడు. గొట్టం తను చేశానని చెప్పుకోలేదు, ఆ నిజాయితీ ఆయనకుంది. వదినని అందరి ముందుకీ పిలిచి, ఇది ఈమె చేతి పని అన్నాడు. వదిన కొంగుతో చేతులు తుడుచుకుంటూ పాస్‌పోర్టు కోసం నిలబడింది. ఆయన లోపలికి వెళ్ళి రెండు అట్టపెట్టెలు తెచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టాడు. పొడుగాటివి. తమ్ముళ్ళిద్దరూ చూసి ముచ్చటపడి తమకీ కావాలన్నారట. "నీలాంటి చెయ్యి బహ్రెయిన్‌లో లేదు. ఇవి రెండూ చెయ్యి, అప్పుడు వెళ్ళు. యల్లా" అన్నాడు, కూతుర్ని మెచ్చుకున్నట్టు తల నిమిరి.

వదిన నా వైపు చూసింది. ఈసారి తెలుగులో చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆవిడ ఊరు చేరేసరికి మనవరాలు నడుస్తోంది. వదినని చూసి నాయనమ్మ చీర పట్టుకుని దాక్కుందట. వదిన మళ్ళీ గల్ఫు ముఖం చూడలేదు, ఏళ్ళుగా ఆ పిల్ల ఇంటి వీధిలోనే గది తీసుకుని ఉంటోంది, రోజూ జడ వేస్తుంది, బడికి తీసుకెళ్తుంది. అప్పుడప్పుడు నాతో వీడియోలో మాట్లాడుతుంటే వెనక నుంచి ఆ పిల్ల గొంతు వినపడుతూ ఉంటుంది. "నాయనమ్మా, గల్ఫు అమ్మమ్మ ఫోన్లో ఉంది" అని. తనని అలా పిలవడం మానిపించాలని వదిన ఎంతో చూసింది గానీ ఆ పిలుపు పిల్ల నోట్లోంచి పోలేదు. ఎప్పుడో గడిచిపోయిన ఏడాది అది, ఇంకా అయిపోలేదు.