పని చెప్పని దుడ్లు

అకౌంట్లో దుడ్లు పడినాయని తెలిసిన దినం మహేశ్వరి మొదట అడిగిన మాట, "ఏ ఊరికి పోవాలంట?" అని.

అడిగింది మొగుణ్ణి. హనుమేష్ నవ్వినాడు. యాడికీ పోయే పన్లేదంట, ఊరికే ఇచ్చినారంట అన్నాడు. ఆమె మళ్లీ అడగలేదు. అడగలేదంటే నమ్మిందని కాదు. కోసిగి పక్క పల్లెల్లో పుట్టి పెరిగిన మనిషికి పనికంటే ముందు చేతికొచ్చే దుడ్లంటే ఒకటే తెలుసు, కూలోళ్లను తోలుకుపోయే మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు. వాన ముఖం చాటేసి, పత్తి సగం కాయకే ఎండిపోయినప్పుడు మేస్త్రీ వచ్చి అడ్వాన్సు ఇస్తాడు. అది తీసుకుంటే సుగ్గికి పోవాల. సుగ్గి అంటే గుంటూరు పక్క మిరప కోతలు. జొన్నలు, గిన్నెలు, చాపలు మూటగట్టి ఐచర్ బండి ఎక్కితే, ఎండలు ముదిరినాకనే మళ్లీ ఊరు చూసేది. ఒకరి అడ్వాన్సు తిని ఇంకొకరి బండి ఎక్కకూడదు. ఎక్కినోళ్లను ఊర్లో మనుషుల కింద లెక్కెయ్యరు.

ఈ ఏడు ఆమెకు సుగ్గికి పోవాలనే ఉండింది. అది కూడా పోయిన ఏడు పోయిన చేనికే, వీరభద్ర మేస్త్రీ వెంబడే. పోయిన ఏడు ఆ చేని కాడ డేరాలో పిల్లోడు ఈరేష్‌కు జ్వరమొచ్చింది. ఆసుపత్రికి బండి దొరికేలోపలే పోయినాడు. నాలుగేండ్లోడు. అంత దూరం ఊరికి తెచ్చుకునే దారి లేక, ఆసామిని అడిగి కాలవ గట్టునే పూడ్చి, గుర్తుకు ఒక రాయి పెట్టినారు. మహేశ్వరి ఆ గట్టు మీద నుంచి లేవలేదు. అప్పుడు హనుమేష్ ఒక మాట చెప్పినాడు. "వచ్చే సుగ్గికి మళ్లా ఈ చేనికే వస్తాం గదా మే. యాడికి పోతాడు వాడు?"

ఆ మాట పట్టుకుని లేచింది. ఆ మాట పట్టుకునే ఊరికొచ్చి వండింది, తినింది, కలుపు తీసింది.

ఇప్పుడీ దుడ్లొచ్చి అడ్డం కూర్చున్నాయి.

ఇచ్చినోళ్లు ఏదో సంస్థోళ్లు. వానల దినాల్లో వచ్చి ఇంటిల్లిపాదికీ ఫోటోలు తీసుకున్నారు, ఏం తింటారు, ఎన్ని మేకలుండాయి అని అడిగినారు. మేం ఏ పని చెయ్యాల అని మహేశ్వరి అడిగితే, వాళ్లలోని అమ్మాయి ఏ పనీ వద్దమ్మా, ఏం చేసుకుంటారో మీ ఇష్టం అనింది. మరి ఇంత మర్యాదగా మాట్లాడే మేస్త్రీని మహేశ్వరి యాడా చూడలేదు. ఊర్లో తలా ఒక మాట అన్నారు. భూమి రాయించుకుంటారని ఒకరు, ఓట్లకని ఒకరు. అత్త లక్ష్మీదేవమ్మ మాత్రం వక్క నములుతా, "ఎవురో పాపం కడుక్కుంటాండారులే. కడుక్కోనీ. నీళ్లేమన్నా మనవా?" అనింది.

వీరభద్ర వచ్చిన దినం హనుమేష్ ఇంట్లో లేడు, గొర్రెల సంతకు పోయినాడు. మేస్త్రీ ఎప్పటి మాదిరే అరుగు మీద కూర్చుని నీళ్లడిగి, బండి ఎప్పుడు కదులుతాదో చెప్పబోయినాడు. మహేశ్వరి మధ్యలోనే ఆపింది. ఎట్లయినా చెప్పాల్సిందే కదా.

"ఈ ఏడు నీతో రాలేమన్నా. ఇంకొకరి అడ్వాన్సు తీసుకున్నాం."

వీరభద్ర చెంబు కింద పెట్టినాడు. "ఎవురిదమ్మా?"

"తెల్లేదన్నా."

"ఏ ఊరికి?"

"అదీ తెల్లేదు. ఇంకా చెప్పలే."

"ఊరు చెప్పకుండా, పేరు చెప్పకుండా దుడ్లిచ్చి పోయినాడా! ఆ మేస్త్రీ యాడుంటాడో చెప్పమ్మా, నేను కూడా పోయి వాని కింద కూలికి చేరతా."

మహేశ్వరికి నవ్వు రాలేదు. తల వంచుకుని, "గట్టు మీద రాయి ఉండాది గదన్నా. పక్కకు పడింటే నిలబెట్టు," అనింది.

ఆయన ఇంకేం ఎగతాళి చేయలేదు. తువ్వాల దులుపుకుని లేచి పోయినాడు.

బండ్లు కదిలినాయి. వీధి వీధంతా తాళాలు పడినాయి. ముసలోళ్లు, కుక్కలు మిగిలినారు, వాళ్లతో పాటు హనుమేష్. నాలుగు గొర్రెల్ని తోలుకొచ్చినాడు, కారే మిద్దెకు మన్ను ఎక్కించినాడు, ఆ తర్వాత ఏం చెయ్యాల్నో తోచక గడప కాడ నిలబడేవాడు. సుగ్గి దినాల్లో వాళ్లమ్మ తనొక్కదానికి చిన్న గిన్నెలో గంజి కాచుకునేది. ఇప్పుడు పెద్ద గిన్నె ఎక్కించాల్సి వచ్చి, "ఈ కాలంలో నిన్ను చూడ్డం నాకు అలవాటు లేదప్పా, ఎవురింటి అల్లుడో అనుకుంటాండా," అని కొడుకును ఏడిపించేది. పెద్దపిల్ల జీవిత ఒక్కతే తడబడలేదు. సుగ్గి నెలల్లో బడి ఎట్లుంటాదో ఆ పిల్ల మొదటిసారి చూస్తాండాది. దినమూ ఏదో ఒక పాట నేర్చుకుని వచ్చేది.

మహేశ్వరి మాత్రం పిలుపు కోసం చూస్తానే ఉండింది. ఫోన్ మోగితే చేతిలో పని వదిలేసి వచ్చేది. యాడికి పొమ్మంటారో? గుంటూరు పక్కకే పొమ్మంటే బాగుండు. బళ్లారి పక్కకు పొమ్మంటే ఎట్ల?

ఒక పొద్దున జీవిత బడికి పోతా తన గ్లాసు వెతుకుతాంది. యాడా దొరకలే. చివరికి అది తలుపు వెనక మూటలో దొరికింది. గిన్నెలు, చాప, జొన్నలు, డేరా పట్ట, అన్నీ కట్టి పెట్టినవి కట్టినట్టే ఉండాయి.

హనుమేష్ మూట చూసినాడు, పెండ్లాన్ని చూసినాడు. "ఇదేందే?"

"పిలుస్తారు గదా. పిలిచినాక సర్దుకుంటే ఆలస్యమైతాది."

ఆయన ఆ దినం గొర్రెలు తోలుకుపోలేదు. కూర్చుని నెమ్మదిగా చెప్పినాడు. ఎవురూ పిలవరు. ఇంక సుగ్గికే పోయే పన్లేదు. మన ఇంట్లో మనం ఉండొచ్చు. ఆమె అంతా వినింది. విన్నాక, "మరి పిల్లోడు?" అనింది.

హనుమేష్‌కు మొదట అర్థం కాలేదు.

"వచ్చే సుగ్గికి వస్తామని వాని ముందర చెప్తివి గదయ్యా."

ఆ మాట ఆయన ఆమెను లేపడానికి చెప్పినాడు. చెప్పినట్టు కూడా గుర్తులేదు. అయినా ఆ మాట కాదని చెప్పే ధైర్యం ఆయనకు లేకపోయింది.

గొర్రెల్నీ జీవితనూ అవ్వకు అప్పజెప్పి, గుంతకల్లులో రైలెక్కినారు. పోయి, చూసి, మరుసటి దినమే వచ్చేయాలని హనుమేష్ లెక్క. మూట లేకుండా, టికెట్ కొనుక్కుని సీట్లో కూర్చోవడం మహేశ్వరికి ఎవరి సీట్లోనో కూర్చున్నట్టు ఉండింది. ఎదురుగా కూర్చున్న ఆమె యాడికి పోతాండారని అడిగింది. సుగ్గికని చెప్పబోయి మహేశ్వరి ఆగింది. చుట్టాలింటికనింది. అదీ సరిగా లేదనిపించింది.

చేను ఎర్రగా పండి ఉండాది. గట్టు మీద రాయి నిటారుగా ఉండాది, చుట్టూ చిన్న రాళ్లు పేర్చి. వీరభద్ర దూరం నుంచి చూసి చెయ్యెత్తినాడు కానీ దగ్గరికి రాలేదు. మహేశ్వరి రాయి పక్కన కూర్చునింది. ఏడుపొస్తాదనుకునింది, రాలేదు. కూలికి వచ్చింటే నీళ్లకు పోయినప్పుడల్లా, సంచి మోసినప్పుడల్లా వీడి పక్కనే నడిచేది. ఇట్ల పని లేకుండా వచ్చి కూర్చుంటే ఎంతసేపు కూర్చోవాల? ఏం చెప్పాల? వెనక తన ఊరి ఆడోళ్లు వంగి కోస్తాంటే, తను ఆసామి పెండ్లాం మాదిరి గట్టు మీద కూర్చునింది.

కాసేపటికి లేచింది. తలకు గుడ్డ చుట్టుకుని, చీర చెంగు ఒడి కట్టుకుని, గట్టు పక్క సాలులోకి దిగింది.

"మే, మనం కూలికి రాలే," అన్నాడు హనుమేష్.

వీరభద్ర కూడా వచ్చినాడు. ఆయన మొహంలో ఎగతాళి లేదు, నిజంగానే దిక్కు తెలీలేదు. "నీకు అడ్వాన్సు ఇయ్యలే గదమ్మా. నీ పేరు నా కాడ లేదు. కూలి ఎట్ల ఇప్పించేది?"

"వద్దులేన్నా. ఊరికే కోస్తా."

"ఊరికే ఎవురన్నా కోస్తారా?"

మహేశ్వరి ఇంకో చెట్టుకు జరిగింది. కోస్తానే ఉండింది.

పొద్దు వాలింది. స్టేషనుకు పోయే ఆఖరి బస్సుకు టైమైతాందని, ఇంటి కాడ పిల్ల ఎదురు చూస్తాంటాదని హనుమేష్ గట్టు మీద నుంచి రెండు సార్లు చెప్పినాడు. ఆమె సాలు వైపు చూసింది. ఇంకా సగం మిగిలి ఉండాది. "ఇది అయిపోతానే వస్తా," అనింది.

హనుమేష్ బస్సు వచ్చే దారి వైపు చూసినాడు. తర్వాత చెప్పులు విడిచి, పంచ ఎగగట్టి, అదే సాలులోకి అవతలి కొస నుంచి దిగినాడు. ఇద్దరి చేతులు పడితే తొందరగా అయిపోతాదని ఆయన గబగబా కోసుకుంటా వస్తాండాడు. ఆయన దగ్గరికొచ్చే కొద్దీ మహేశ్వరి చేతులు నిదానమైనాయి.