తొలి చెరకు గడ

ఇవాళ వీధిలో చెరకు రసం బండి రోలర్లు కిర్రుమంటుంటే, సంస్థాన కాలంలో కొంటా ఊళ్ళోని మా ఇంటి చెరకు గానుగ జ్ఞాపకం వచ్చింది. ఆ ఇనుప రోలర్లకు పట్టించే ఇప్పనూనె వాసన నా ఈడు వారికి గుర్తుండే ఉంటుంది.

"వానలల్ల తుప్పు పట్టకుండ చూడు బిడ్డా, గానుగల తొలి గడ నీతోనే పెట్టిస్త," అన్నాడు తాత. వానకాలమంతా నేనే రోలర్లను బూడిదతో తోమి, నూనె రాశాను.

గానుగ ఆడించే రోజున తాత ఆ గడను అన్న చేతికిచ్చాడు.

"ఏంది తాతా, నాకిస్తనంటివి గద!"

"ఆడపిల్లవు, తొలి గడ నీకెందుకే?"

రోలర్లు చప్పుడు లేకుండా తిరిగాయి. "చూసిన్రా, మా మనవడి చెయ్యి ఎంత మంచిదో!" అని తాత మురిసిపోయాడు. నూనె మరకలు వదలని నా చేతులను ఆయన చూడనేలేదు.

నాకిచ్చిన రసాన్ని ఆయన ఎదుటే పారబోశాను. ఇవాళ బండివాడు అందించిన గ్లాసునూ నేను ముట్టుకోలేదు.