మేత సంచుల్లో మా ఫ్రిజ్

శనివారం ఉదయం ఆరూ పదికి ఫ్రిజ్ తలుపు తీసి లోపల చెయ్యి పెట్టాను. వంటగది ఎంత వెచ్చగా ఉందో లోపలా అంతే ఉంది. రాత్రంతా మోటారు మాత్రం ఆగకుండా తిరిగింది. తప్పు ఫ్రిజ్‌ది కాదని తేలేలోపు, దాన్ని అమ్మినాయనతో ఫోన్‌లో పోట్లాట కూడా అయిపోయింది.

అది కొన్నది మా అత్తగారి కోసం. ఆమెకు షుగరు. ఇన్సులిన్ పక్కింటి షమీమ్ వాళ్ళ ఫ్రిజ్‌లో పెట్టుకుని, రెండు పూటలా అక్కడికే వెళ్ళి సూది వేయించుకునేది. అల్లుడి ఇంట్లో ఉంటూ మందుకు ఇంకో గడప తొక్కడం నాకు బాగాలేదు. నెల్లూరులో ఒక పాత ఫ్రిజ్ చూసి, ట్రాలీ ఆటోలో ఇందుకూరుపేటకు తెచ్చాను.

"పడుకోబెట్టి తీసుకపోతా ఉండారు కదా సార్, ఒక పూట నిలబెట్టినాక స్విచ్ వేయండి" అన్నాడు అమ్మినాయన. నేను రోజంతా నిలబెట్టాను.

ఆ ఖాళీలోనే ఆలోచన వచ్చింది. మాకు మైపాడు సముద్రపు గాలి తగులుతుంది. గేటు, కిటికీ ఊచలు, సైకిలు గొలుసు, అన్నీ తుప్పే. ఫ్రిజ్ వెనక ఆ నల్ల గొట్టాలు ఎన్నాళ్ళుంటాయి? రొయ్యల గుంటల దగ్గర ఖాళీ మేత సంచులు అడిగి తెచ్చి, వెనకంతా కప్పి, నైలాన్ తాడుతో బిగించి, గోడకు ఆనించాను. తర్వాతే స్విచ్ వేశాను.

అత్తగారు నాతో నేరుగా మాట్లాడదు. "సుజాతా, వేడికి మందు చెడిపోద్దంట. అల్లుడుగారికి తెలుసో లేదో" అంది నా భార్యతో, నాకు వినపడేలా.

అమ్మినాయనకు ఫోన్ చేశాను.

"మా దగ్గర ఐసు కట్టింది సార్. మీరేం చేసినారో చూసుకోండి."

"నేనేం చేస్తానయ్యా? నువ్వు చెప్పినదానికన్నా జాగ్రత్తగానే చూసుకున్నా."

ఆదివారం షమీమ్ ఫ్రిజ్ చూడటానికి వచ్చింది. పక్కకు వంగి వెనక్కి తొంగి చూసింది.

"దీనికి చలేస్తా ఉందా అన్నా?"

"ఉప్పుగాలికమ్మా."

"వేడి పోయేదే ఆడినుంచి కదన్నా. వానాకాలం మా పిల్లోళ్ళ యూనిఫారాలు నేను దాని వెనకే ఆరేస్తా."

సంచులు విప్పాను. మేత వాసనతో కలిసి వేడి ముఖానికి కొట్టింది. ఫ్రిజ్‌ను గోడకు జానెడు దూరం జరిపాను. సాయంత్రానికి ఐసు కట్టింది. అమ్మినాయనకు ఆ మాట ఫోన్ చేసి చెప్పాలనుకున్నాను, చెప్పలేదు.

మర్నాడు అత్తగారు మందు పెట్టె తెచ్చి తలుపు అరలో తన చేత్తోనే పెట్టింది. నేను వచ్చినప్పుడూ పోయినప్పుడూ ముట్టి చూసేవాణ్ణి. చల్లగా ఉండేది. సూదికి మాత్రం ఆమె పక్కింటికే వెళ్ళేది.

"షమీమ్ చెయ్యి తేలికంటండీ" అంది సుజాత. నిజమే అనుకున్నాను. పెట్టె ఎప్పుడు తీసుకెళ్ళి ఎప్పుడు తెస్తోందో గమనించలేదు.

గురువారం షమీమ్ వాళ్ళు పెళ్ళికని మనుబోలు బయల్దేరారు. వెళ్తూ వెళ్తూ మా గేటు దగ్గర ఆగి, తాళంచెవి అత్తగారి చేతిలో పెట్టింది.

"పెద్దమ్మా, మందు మా ఫ్రిజ్‌లోనే ఉండాది కదా. సాయంత్రం సుజాతక్క చేత వేయించుకోండి."

నేను పక్కనే ఉన్నాను. అత్తగారు తాళంచెవి కొంగున ముడేసుకుంది.

"సుజాతా, అల్లుడుగారిని ఏమీ అనుకోవద్దని చెప్పు. ఫ్రిజ్‌ను ఇంకో వారం చూద్దామని..."

లోపలికి వెళ్ళి ఫ్రిజ్ తెరిచి, పెట్టె తీసి ఊపాను. ఖాళీ. చల్లగా మాత్రం ఉంది.